మూగకనుమలో ఏడవ భుజం

ఆ పల్లకిని నేలకు దించకూడదు. కర్రల మీద ఆనించకూడదు, చెట్టుకొమ్మకు వేలాడగట్టకూడదు. మనిషి భుజం మీదనుంచి మనిషి భుజం మీదికి మారుతూ, మూడో రోజు పొద్దు గుంకేలోగా అది శ్వేతశృంగం మీది జ్యోతిర్గుహకు చేరాలి. చేరకపోతే లోపల ఉన్న మనిషి నిలువెల్లా రాయి అయిపోతాడు.

పల్లకి కుందనగిరి రాజుగారి ఇంటిది. దాని కప్పు పురి విప్పిన నెమలిలా ఉంటుంది. కింది అంచున నాలుగు మూలలా నాలుగు వెండి హంసలు, వాటి ముక్కుల్లో ముత్యాల జాలరులు. లోపలి పట్టుపరుపు మీద కూర్చుంటే మబ్బు మీద కూర్చున్నట్టే ఉంటుందని అంతఃపురంలో చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ పరుపు మీద పడుకున్నది రాజూ కాదు, రాణీ కాదు. బోయీల పెద్ద గవరయ్య. నలభై ఏళ్ళు ఆ పల్లకిని మోసి, ఒక్కనాడూ దాని లోపలికి తొంగి చూడని మనిషి.

వనవిహారానికి బయలుదేరిన రాకుమారి వింధ్యావళిని ఎత్తుకుపోవాలని మాంత్రికుడు ఘోరజటుడు గద్ద రూపంలో అడవిదారిలో వాలాడు. దోసిట్లోని బూడిద ఊదాడు. పల్లకి మోస్తున్న, వెంట నడుస్తున్న పదిహేనుమంది బోయీలు ఎత్తిన కాలు దించేలోగా నల్లరాళ్ళయి నిలిచిపోయారు. గవరయ్య ఒక్కడే పల్లకిని ఒడుపుగా కిందికి దింపి తలుపుకు అడ్డంగా పడ్డాడు. బూడిద అతని పాదాల మీదే రాలింది. ఈలోగా కావలిదండు వచ్చిపడింది, గద్ద ఎగిరిపోయింది. రాకుమారి బతికింది. గవరయ్య పాదాలు మాత్రం రాళ్ళయ్యాయి, ఆ రాయి పాకడం మొదలుపెట్టింది.

రాజవైద్యుడు చూసి పెదవి విరిచాడు. ఆ రాయి నేలలోంచి బలం తాగుతుందనీ, నేలకూ రోగికీ నడుమ బతికున్న ఒళ్ళు అడ్డుంటే నెమ్మదిస్తుందనీ, మూడు రోజుల్లో జ్యోతిర్గుహ వెలుగు తగిలితేనే కరుగుతుందనీ చెప్పాడు. అందుకే ఆ పల్లకి, ఆ నియమం.

గవరయ్యకు ఉన్నది ఒక్కతే కూతురు, నాంచారి. ఆమెకు తల్లి లేదు, అన్నదమ్ములు లేరు. చిన్ననాటి నుంచి తండ్రి వెంట తిరిగి మోత పని అంతా నేర్చుకుంది గాని నలుగురిలో నోరు విప్పి ఎరగదు. అలాంటి పిల్ల ఇప్పుడు ఒక జట్టును కూడదీయవలసి వచ్చింది. బోయపేట మగవాళ్ళంతా రాళ్ళయి అడవిలో ఉన్నారు. మిగిలిన ఊరివాళ్ళు శ్వేతశృంగం దారి మూగకనుమ గుండా పోతుందని వినగానే తలుపులు వేసుకున్నారు.

చివరికి అయిదుగురు వచ్చారు. మల్లయోధుడు రుద్రప్ప తన భుజబలం లోకానికి చూపాలని వచ్చాడు. కుమ్మరి చెంగయ్య గవరయ్యకు పాత స్నేహితుడు. పడవ నడిపే ముసలి పైడయ్య నది ఎండి పని లేక వచ్చాడు. ఉడుముల గంటడు పేరుమోసిన దొంగ, ఈ పని చేస్తే చెర తప్పుతుందని వచ్చాడు. అయిదోవాడు కనుబొమల దాకా తలపాగా దించుకున్న ఒక కుర్రవాడు. పేరు కేదారుడన్నాడు. అతని చీలమండల చుట్టూ ఏళ్ళ తరబడి కడియాలు ఉన్న తెల్లని గీత నాంచారి కంటబడింది. ఆ ముఖాన్ని ఆమె పల్లకి తెరల సందుల్లోంచి ఎన్నోసార్లు చూసింది. అయినా ఏమీ అనలేదు. తనకోసం రాయి అవుతున్న మనిషిని మోయాలని రాకుమారికి ఉంటే, వద్దనడానికి తానెవరు అనుకుంది.

మొదటి రోజు వాళ్ళు నడిచింది క్రోసెడు నేల.

రుద్రప్ప ఒక అడుగు వేస్తే చెంగయ్యకు రెండు అడుగులు. పల్లకి దండె ఒకటే పొడవాటి వెదురు, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు భుజం పెట్టాలి. పొడుగువాడి భుజం లేచినప్పుడల్లా బరువంతా పొట్టివాడి మీదికి జారేది. పైడయ్య ఆగమంటే గంటడు పరుగెత్తమనేవాడు. భుజం మార్చుకోవలసి వచ్చినప్పుడల్లా నా వంతు కాదంటే నా వంతు కాదని తగువు. కేదారుడిది వెన్నముద్ద భుజమని రుద్రప్ప వెక్కిరిస్తే, తన జన్మలో మోసిందంతా పరాయి సొమ్మే గాని ఇంత బరువైనదాన్ని ఎప్పుడూ ఎత్తుకుపోలేదని గంటడు వాపోయాడు.

ఒక వాగు దగ్గర అడుగులు తప్పి పల్లకి ఒరిగింది. వెండి హంస ఒకటి బండను తాకింది. అంతే, లోపల గవరయ్య మూలిగాడు. మోకాళ్ళ దగ్గర ఉన్న రాయి ఒక్క గుక్కలో తొడల దాకా ఎక్కింది. అది చూశాక తగువులు ఆగాయి.

తెర వెనకనుంచి గవరయ్య కూతుర్ని పిలిచాడు. "నాంచారమ్మా, ఈళ్ళు ఆరుగురూ ఆరు పల్లకీలు మోత్తన్నారే. ఒక్కటే మొయ్యమని చెప్పు."

"ఎలా చెప్పాలి నాన్నా? నా మాట ఎవరు వింటారు?"

"మాటెందుకు. కొలతాడు తియ్యి. బలం చూసి జత కట్టకు, భుజం చూసి కట్టు."

ఆ సాయంత్రం నాంచారి నారతాడు తీసి ఒక్కొక్కరి మడమ నుంచి భుజం దాకా కొలిచి ముళ్ళు వేసింది. సరితూగినవాళ్ళను ఒక పక్కకు చేర్చి, తక్కువైనవాళ్ళ భుజం మీద తుండుగుడ్డ మడతలు పెట్టి కుట్టింది. తరవాత ఒక్కొక్కరినీ వాళ్ళ పని గురించి అడిగింది. బెదురుతూ బెదురుతూ అడిగినా, తమ పని గురించి ఎవరైనా అడిగితే మనుషులు చెప్పకుండా ఉండలేరని ఆమెకు ఆ రోజే తెలిసింది. పరాయి ఇళ్ళలో కాలికి చెంబు కూడా తగలకుండా నడిచిన గంటడు ముందు నడిచి దారి చూపాలి. సారె మీది మట్టి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అరచేతితో పట్టే చెంగయ్య వెనక కొసన ఉండి, పల్లకి ఏ పక్కకు ఒరుగుతోందో చెప్పాలి. ఎగువ వచ్చినప్పుడు బరువు పట్టవలసింది రుద్రప్ప. లెక్క తప్పని కేదారుడు నూటఎనిమిది అడుగులకోసారి వంతు మారడానికి చెయ్యి ఎత్తాలి. బోయీల పాట ఆ అయిదుగురికీ రాదు గనుక పైడయ్య తెడ్ల పాటకే అందరూ అడుగు కలపాలి.

ఇక భుజం మార్పు. దానికి బోయపేటలో ఒక ఆచారం ఉంది. పక్కన ఇంకో భుజం వచ్చి దండెకు ఆనగానే కింద ఉన్నవాడు మోకాళ్ళు వంచి తప్పుకోవాలి. వెనక్కి చూడకూడదు. ఎవరని అడగకూడదు. అడిగితే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే పల్లకి ఊగుతుంది. నాంచారి వాళ్ళ చేత రాత్రి వంతులవారీగా నలుగురు మోస్తూ నిలబడి ఉండగానే అది సాధన చేయించింది. మొదట కాళ్ళు తొక్కుకున్నారు, తలలు ఢీకొన్నారు. తెల్లవారేసరికి నీళ్ళలో చేప తప్పుకున్నట్టు తప్పుకుంటున్నారు.

రెండో రోజు ఏడు క్రోసులు నడిచారు. ఒక్క తగువు లేదు, ఒక్క మాట లేదు. పాట, అడుగు, పాట, అడుగు. తమ పదహారుమందికీ ఆ పట్టు దొరకడానికి ఏడాది పట్టిందని గవరయ్య లోపలినుంచి చెప్పినప్పుడు నాంచారికి ముఖమంతా వేడెక్కింది. ఎవరికీ కనపడకుండా తల దించుకుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి మూగకనుమ ఎదురైంది.

రెండు నల్లని కొండలు మోకరిల్లిన ఏనుగుల్లా ఎదురెదురుగా ఉన్నాయి. వాటి నడుమ బూడిదరంగు మంచు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చెదరని మంచు, నిలవనీటిలా నిలబడి ఉంది. అందులోకి పక్షి ఎగరదు. ఒక పక్క కొండ మీదినుంచి జలపాతం దూకుతోంది గాని దానికి చప్పుడు లేదు. తెల్లని జుట్టు విరబోసుకుని ఎవరో నిలబడ్డట్టు ఉంది. గంటడు రాయి తీసి బండకేసి కొట్టాడు. రాయి పగిలింది, శబ్దం రాలేదు. అతను ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి, అంతే.

ఆ కనుమలో మాట నోటినుంచి జానెడు దూరం కూడా పోదు. చెవిలో నోరు పెట్టి చెబితే తప్ప వినపడదు. పైడయ్య పాట దూదిలో పడ్డ సూదిలా మాయమైంది. అయినా వాళ్ళు ఆగలేదు. మాట అక్కర్లేకుండా మోయడం నేర్చుకున్న జట్టు గదా అని నాంచారి ధైర్యం తెచ్చుకుంది. గవరయ్యకు రాయి అప్పటికి నడుం దాటింది.

మంచులో పల్లకి ఒక కొసన ఉన్నవాళ్ళకు రెండో కొస కనిపించదు. నాంచారి ముందు కొసన భుజం పెట్టి నడుస్తోంది. అడుగులు లెక్కపెట్టుకుంటోంది. తొంభై దాటేసరికి పక్కన ఒక భుజం వచ్చి ఆనింది, బరువు తేలిపోయింది. ఇంకా నూటఎనిమిది కాలేదే అనుకుంటూనే, అలవాటుగా మోకాళ్ళు వంచి తప్పుకుంది. వెనక్కి చూడలేదు. నిలబడి ఊపిరి పీల్చుకుని, విశ్రాంతి తీసుకునేవాళ్ళ వరసలో కలవడానికి పల్లకి వెనక్కి నడిచింది.

అక్కడ చెంగయ్య, గంటడు పక్కపక్కన నడుస్తూ వక్క నములుతున్నారు.

నాంచారి ఆగిపోయింది. మోసేవాళ్ళు నలుగురు, ఊరికే నడిచేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. మరి తన చోట్లో భుజం పెట్టింది ఎవరు?

చెంగయ్య చెవిలో అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తామిద్దరూ వంతు దిగినప్పటినుంచి ఇక్కడే నడుస్తున్నామనీ, ముందు ఎవరు పట్టారో తెలియదనీ ఆమె చెవిలో చెప్పాడు. అంతలో మంచులోంచి రుద్రప్ప భుజం రుద్దుకుంటూ వచ్చాడు. అతని వెనక కేదారుడు. చివరికి నవ్వుతూ పైడయ్య. అందరి ముఖాల్లోనూ బరువు దింపుకున్న హాయి ఉంది. ఒకరినొకరు చూసుకున్నారు. ఒకటి, రెండు, మూడు... ఆరుగురూ అక్కడే ఉన్నారు.

ముందు పల్లకి పోతూనే ఉంది.

ఊగకుండా, తూగకుండా, నూనె మీద తేలినట్టు పోతోంది. ఈ మూడు రోజుల్లో ఎన్నడూ అంత చక్కగా సాగలేదు. వెండి హంసల జాలరులు కదలడం లేదు. మంచు కాస్త పలచబడ్డ చోట, దండె కింద నాలుగు నల్లని ఆకారాలు ఒకే అడుగు వేస్తూ కనిపించాయి.

నాంచారి పరుగెత్తి పల్లకి తెర తొలగించి తల లోపల పెట్టి, తండ్రి నోటి దగ్గర చెవి ఉంచింది. రాయి గవరయ్య మెడ దగ్గరికి వచ్చేసింది. అతని చెంపలు మంచులా చల్లగా ఉన్నాయి.

"ముందు పట్టిందెవురే?" అన్నాడు అతి కష్టం మీద. "మన పోలిగాడి నడకలా ఉందే."

పోలయ్య ఆమెకు బాబాయి. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. ఇప్పుడు అడవిదారిలో రాయి అయి ఉన్నాడు. నాంచారి తల బయటికి తీసి చూసింది. ముందున్న ఆకారం ఎడమకాలు ఈడుస్తోంది. దానికి ముఖం లేదు. పొగ గడ్డకట్టినట్టు ఉంది. ఆ పక్కన, ఈ పక్కన మంచులో ఇంకా అలాంటివే నడుస్తున్నాయి, వంతు కోసం కాచుకుని.

పట్నం విడిచి అడవిదారిలో పడ్డప్పుడు ఆ పదిహేను రాళ్ళ పక్కనుంచే నడిచిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. చెట్లన్నింటికీ నీడలు ఉన్నాయి. ఆ రాళ్ళకు లేవు. ఏడుపు కళ్ళతో చూసి అదేమిటో పట్టించుకోలేదు. ఘోరజటుడు మనుషులను రాళ్ళుగా చేసి వదిలేయలేదు. వాళ్ళ నీడలను పట్టుకుపోయి మోతపనికి పెట్టుకున్నాడు. అలసట లేనివాళ్ళు, కూలి అడగనివాళ్ళు, ఎక్కడికని అడగనివాళ్ళు.

దారి రెండుగా చీలే చోటు వచ్చింది. కుడివైపుది శ్వేతశృంగానికి ఎక్కుతుంది. ఎడమవైపుది ఘోరజటుడి కోటకు దిగుతుంది. పల్లకి ఎడమకు తిరుగుతోంది.

నాంచారి ఇంకేమీ ఆలోచించలేదు. పోలయ్య నీడ పక్కన దండె కింద భుజం ఆనించింది. పాడుబడ్డ బావిలోకి వంగినట్టు చల్లదనం కొట్టింది. ఆ నీడ వెనక్కి చూడలేదు. మోకాళ్ళు వంచి తప్పుకుంది. బోయపేట ఆచారం నీడల్లో కూడా బతికే ఉంది. మిగిలినవాళ్ళు ఆమెను చూసి అలాగే భుజాలు పెట్టారు. మూడు నీడలూ అలాగే తప్పుకున్నాయి. అయితే పది అడుగులు వేశారో లేదో, ఆమె పక్కన మళ్ళీ ఒక భుజం ఆనింది. బరువు తేలింది. నాంచారి మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. పళ్ళు బిగబట్టి ఆగింది. వెనక మాత్రం ఎవరో తప్పుకున్నారు. ఆమె నేర్పిన పాఠం వాళ్ళ ఒంట్లో అంతగా ఇంకిపోయింది. భుజం ఆనితే తప్పుకో. అడగకు.

మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారిపోయారు. పల్లకి ఎడమదారిలో నాలుగు బారలు దిగింది. అరిచి చెప్పడానికి గొంతు పనికిరాదు. తమవాడెవరో, నీడ ఎవరో ఆ మంచులో తెలియదు.

బరువుకు తల వాలి నాంచారి చెంప దండెకు ఆనింది. అప్పుడు ఆమెకు వినిపించింది. సన్నగా, ఎముకలోంచి వచ్చినట్టు, పైడయ్య తెడ్ల పాట. వెనక కొసన ముసలాయన అలవాటు చొప్పున దండెకు గడ్డం ఆనించి పాడుతూనే ఉన్నాడు. గాలి మింగేసిన గొంతును వెదురు మోసుకొస్తోంది.

నాంచారి పెదవులు దండెకు ఆనించింది. "నాంచారిని. ముందు రెండో చోటు," అంది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "దండెకు చెవి పెట్టండి. పేరు వినపడందే ఎవరికీ చోటివ్వకండి."

 వెదురులో పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. పైడయ్య. చెంగయ్య. రుద్రప్ప. గంటడు. చివరికి ఒక ఆడగొంతు. ఆ క్షణాన అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు కాబోలు.

"వింధ్యావళి," అంది.

 మూడు రోజులుగా వెన్నముద్ద అని వెక్కిరించిన రుద్రప్ప గొంతు మెల్లగా వచ్చింది. "అమ్మా, తమరు మడత సరిగా పెట్టుకున్నారా? భుజం ఒరుసుకుపోతుంది."

"ముందు దారి చూడు అన్నా," అంది రాకుమారి.

ఇక నీడలు వచ్చి భుజం ఆనించినా ఎవరూ కదలలేదు. పేరు లేని భుజానికి చోటు లేదు. నీడలకు కోపం రాలేదు, బలవంతం చేయలేదు. రెండు పక్కలా, దండెకు వేలెడు దూరంలో, భుజాలు సిద్ధంగా పెట్టుకుని ఓపికగా వెంట నడిచాయి. ఎంతసేపైనా నడుస్తామన్నట్టు నడిచాయి.

దండె మొదటి చోట మాత్రం ఇంకా ఒక ఆకారం ఉంది. దారి మళ్ళాలంటే ఆ చోటే ముఖ్యం. నాంచారి తన చోట వింధ్యావళిని పెట్టి, ముందుకు పోయి భుజం ఆనించబోయింది. ఆనించబోయి ఆగింది.

ఆ ఆకారం పోలయ్యది కాదు. పొట్టిగా, వెడల్పుగా ఉంది. అడుగు దారం పట్టి గీసినట్టు సూటిగా పడుతోంది. కుడిభుజం మీద కోడిగుడ్డంత కాయ. ప్రతి సాయంత్రం ఆ కాయకు ఆముదం రాసింది తనే.

ఆమె వెనక్కి వచ్చి తెర తొలగించింది. నీడల చేతుల్లో పడ్డప్పటినుంచి రాయి పరుగు అందుకుంది. గవరయ్య పెదవులు కూడా రాయి అయిపోయాయి. కళ్ళు మాత్రం ఇంకా తడిగా, బతికి ఉన్నాయి. ఆ కళ్ళు ఆమెను చూశాయి, తరవాత పల్లకి ముందువైపు చూశాయి. తన నీడ ఎక్కడికి పోయిందో ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆ చోట తాను భుజం పెడితే తండ్రి నీడ ఆచారం ప్రకారం తప్పుకుంటుంది. తప్పుకుంటే తక్కిన పదిహేనింటిలో కలిసి కోటకు పోతుంది. నీడ పోయిన మనిషిని జ్యోతిర్గుహ కూడా బతికించలేదు. ఇంకో నీడ వచ్చి భుజం ఆనించినా అంతే. ఆయన వెనక్కి చూడడు, అడగడు.

నాంచారి రెండో చోటికి వచ్చి వింధ్యావళి నుంచి దండె అందుకుంది. వెదురులో పేరు చెప్పి, ఆ వెంటనే చెప్పవలసింది చెప్పింది. "ముందున్నది మా నాన్న. ఆయనకు ఎవరూ వంతు ఇవ్వకండి, ఎవరినీ ఇవ్వనివ్వకండి. రుద్రన్నా, నువ్వు కుడిపక్క. గంటన్నా, నువ్వు ఎడమపక్క. ఆయన్ని ఆనుకుని నడవండి. మధ్యలో గాలి కూడా దూరకూడదు."

వెనక మోతకు పైడయ్య, చెంగయ్య మిగిలారు. ఒక కొసన రుద్రప్ప లేకుండా ఎగువ ఎక్కడమెలాగని చెంగయ్య అడిగాడు.  అడుగుతూనే భుజం మీది మడత సర్దుకుని దండెను బిగించి పట్టాడు.

నాంచారి దండెకు నోరు ఆనించింది. పల్లకిలో ఎప్పుడూ ముందువాడే వెనకవాళ్ళకు దారి చెబుతాడు. వెనకనుంచి ముందుకు చెప్పడం బోయపేటలో లేదు.

"నాన్నా, కుడికి."

నీడ అడుగు గాలిలో ఆగింది. ఎడమదారి కింద మంచులో ఎక్కడో గద్ద రెక్క కదిలినట్టయింది. నీడ తల అటు తిరిగింది.

"నాన్నా, నేనే. వెనకంతా మనవాళ్ళే. కుడికి."

అడుగు కుడికి పడింది.

ఆ తరవాత ఎంతసేపు ఎక్కారో వాళ్ళకు తెలియదు. రుద్రప్ప కుడివైపు గోడలా నడిచాడు. వచ్చిన ప్రతి చల్లని భుజాన్నీ తన ఒంటితో ఆపాడు. ఆ పక్క చర్మం నీలంగా కమిలిపోయింది. ఎడమవైపు గంటడు, తనను ఇంతమంది చుట్టుముట్టినా పారిపోకుండా నిలబడడం ఇదే మొదటిసారని వెదురుకు చెప్పుకుంటూ నడిచాడు. వింధ్యావళి అడుగులు లెక్కపెట్టి, వెనకవాళ్ళలో ఎవరు అలిసిపోతే వాళ్ళ చోటికి పేరు చెప్పి వచ్చేది. నాంచారికి మాత్రం మార్పు లేదు. ఆ నీడ వినేది ఆమె గొంతు ఒక్కటే.

ఉన్నట్టుండి మంచు తెగిపోయింది. ఎండ కళ్ళలో పొడిచింది. జలపాతం హోరు, గాలి ఈల, తమ ఊపిరి రొద, అన్నీ ఒక్కసారిగా చెవుల్లో పడ్డాయి. ఎదురుగా పాలరాయిలో చెక్కినట్టు శ్వేతశృంగం, దాని నడుమ జ్యోతిర్గుహ ద్వారం ఎర్రని దీపపు కుందిలా మెరుస్తోంది. దాని దాకా రాతిమెట్లు. శిఖరానికి బెత్తెడు పైన సూర్యుడు.

రుద్రప్ప ఎడమకు చూసి నోరు తెరిచాడు. దండె ముందు కొస గాలిలో తేలుతోంది. దాని కింద ఎవరూ లేరు. నేల మీద మాత్రం ఒక పొట్టి, వెడల్పాటి నీడ భుజం వంచి అడుగు వేస్తోంది. వెనక మంచు అంచునుంచి ఇంకో పదిహేను నీడలు, వొలికిన సిరాలా, బండల మీద పాకి వస్తున్నాయి.

"ఎవరికి అడ్డం పడాలమ్మా ఇప్పుడు?" అన్నాడు అతను. "నేలకేసి కుస్తీ పట్టలేను గదా."

"నీ నీడను అడ్డం పెట్టు అన్నా," అంది నాంచారి.

సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, అందరి నీడలూ వెనక్కి పడుతున్నాయి. రుద్రప్ప, గంటడు చెరోపక్క నడుస్తూ తమ నీడలు గవరయ్య నీడకు రెండు వైపులా గట్టులా పడేట్టు చూసుకున్నారు. పాకివచ్చిన నీడలు ఆ గట్టు దగ్గర ఆగి, మళ్ళీ ఓపికగా వెంట నడిచాయి. తండ్రి నీడ నాంచారి పాదాల మీద పడుతోంది. ఆ చోట ఎండలోనూ చల్లగా ఉంది.

మెట్లు మొదలయ్యాయి. రాయి అయిన మనిషి బరువు మెట్టు మెట్టుకూ పెరుగుతోంది. సగం ఎక్కేసరికి సూర్యుడు శిఖరానికి రెండు వేళ్ళ ఎత్తుకు దిగాడు. గుహలోంచి వెచ్చని గాలి ముఖాలకు తగులుతోంది.

అప్పుడు పడమటినుంచి ఒక మబ్బు కదిలింది. గద్ద ఆకారంలో ఉంది. గాలికి ఎదురుగా వస్తోంది. వచ్చి సూర్యుడి మీద వాలింది.

మెట్ల మీది నీడలన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. పదిహేనూ పోయాయి. వాటితో పాటు ఆ ఒక్కటీ పోయింది. దండె ముందు కొస బరువంతా నాంచారి భుజం మీదికి విరుచుకుపడింది. ఆమె మోకాలు మెట్టుకు కొట్టుకుంది, చర్మం చీరుకుపోయింది. పల్లకి ముందుకు ఒరిగి, వెండి హంస ముక్కు రాతికి వేలెడు ఎత్తున ఆగింది. ఆమె తప్పుకోలేదు. దండెకు నోరు ఆనించి తండ్రిని పిలిచింది. వెదురులో జవాబు లేదు.

"రుద్రప్పను," అని వినిపించింది కుడిచెవి దగ్గర. దండె అంగుళం లేచింది. "గంటణ్ణి." ఇంకో అంగుళం. "వింధ్యావళిని." వెనక ముసలి గొంతులు రెండూ తమ పేర్లు మళ్ళీ చెప్పాయి. ఊరికే నడిచేవాళ్ళంటూ ఎవరూ మిగలలేదు. ఆరు భుజాలూ ఒక్కసారి దండె కిందికి చేరడం అదే మొదలు.

"నాన్నా, మేమిక్కడే ఉన్నాం, మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు," అని నాంచారి వెదురుకు చెప్పింది. తరవాత తెడ్ల పాట ఎత్తుకుంది. తక్కినవాళ్ళు అందుకున్నారు.

ఎండ తిరిగి పడితే ఆయన నీడ వచ్చి నిలబడేందుకు మొదటి చోటు ఖాళీగా ఉంచి, మిగిలిన దండె కింద ఇరుక్కుని, వాళ్ళు తరవాతి మెట్టు మీద కాలు పెట్టారు. మబ్బు ఎంత పొడవుందో ఎవరూ తలెత్తి చూడలేదు.